తొమ్మిది ఓట్లతో ఓడిన సర్పంచి కేసు ఇప్పటికీ తేలలేదు. ఎన్నికల కేసులకు కోర్టుకు పోవడం దండగేనా?

పూతలపట్టు_కుర్రోడు
మాది చిత్తూరు పక్క పల్లె. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో మా మేనమామ సర్పంచికి నిలబడినాడు. తొమ్మిది ఓట్లతో పోయింది. మొదటి లెక్కలో మామే ముందున్నాడు, మా ఏజెంటు కాగితం మీద రాసుకున్నాడు కూడా. అవతలోళ్లు గొడవ చేసి మళ్లీ లెక్కపెట్టించినారు. మధ్యలో కరెంటు పోయింది. వచ్చాక చూస్తే మా కట్టల్లో కొన్ని ఓట్లు చెల్లనివి అయిపోయినాయి. అర్ధరాత్రి దగ్గరపడుతుండగా అవతలాయన చేతిలో సర్టిఫికెట్ పెట్టేసినారు.

కోర్టులో కేసు వేసినాము. ఒకసారి జడ్జిగారు లీవు, ఒకసారి అవతలి లాయరు ఊళ్లో లేడు, ఒకసారి లాయర్లందరూ విధుల బహిష్కరణ. అవతలాయన మాత్రం సర్పంచి కుర్చీలో దర్జాగా ఏళ్లు గడిపేసినాడు. పెట్టె తెరిచి లెక్కపెడితే అరపూట పని. అరపూట పనికి ఇన్నేళ్లా? అసలు ఎన్నికల కేసు గెలిచి కుర్చీ ఎక్కినోళ్లు ఎవరైనా ఉన్నారా, లేక లాయర్లను మేపడమేనా?

మామిడి_మండీ
దండగే. ఆ ఫీజులతో ఒక ఎకరా తోతాపురి మామిడి పెట్టుంటే ఈపాటికి కాపుకొచ్చేది.

పాకాల_జంక్షన్
తోతాపురి రేటు చూసినాక కూడా ఈ సలహా ఇస్తున్నావంటే నువ్వు కచ్చితంగా మండీ మనిషివే.

కోర్టు_గుమస్తా
కుర్రోడా, కోర్టును తిట్టే ముందు కొన్ని విషయాలు చెప్పు. రీకౌంటింగ్ కావాలని మీ మామ ఆ రాత్రే అధికారికి కాగితం మీద రాసిచ్చినాడా? నోటితో అరిచింది లెక్కలోకి రాదు. ఫలితం ప్రకటించిన 30 రోజుల్లోపు పిటిషన్ పడిందా? అన్నిటికన్నా ముఖ్యం, పిటిషన్‌లో ఏం రాసినారు? "కరెంటు పోయింది, మోసం జరిగింది, మళ్లీ లెక్కపెట్టండి" అని మాత్రమే రాసుంటే ఎన్నేళ్లు తిరిగినా అది నిలబడదు. ఏ వార్డు కట్ట, ఏ టేబుల్, ఎన్ని ఓట్లు, ఏ కారణం చెప్పి చెల్లవన్నారు, అప్పుడు అక్కడున్న మీ ఏజెంటు ఎవరు, అభ్యంతరం ఎప్పుడు చెప్పినాడు, ఇంత వివరం ఉండాలి.

పెట్టె తెరవడం అరపూట పనే, కాదనను. కానీ తెరవాలంటే ముందు సాక్ష్యం చూపించమంటుంది కోర్టు. "తవ్వి చూడండి, ఏదో ఒకటి దొరుకుతుంది" అంటే ఒప్పుకోరు. ఓటు రహస్యం అనేది ఒకటుంది. తక్కువ తేడాతో ఓడిపోయినాము అనేది దానంతట అదే కారణం కాదు, తొమ్మిదైనా ఒకటైనా.

ఇక ఆలస్యం సంగతి. పంచాయతీ కేసుకు జూనియర్ సివిల్ జడ్జే ఎలక్షన్ ట్రిబ్యునల్. అదే జడ్జి ముందు ప్రోనోటు దావాలు, గట్టు తగాదాలు, ఇంజంక్షన్లు అన్నీ ఉంటాయి. నీ ఎలక్షన్ పిటిషన్‌కు వేరే క్యూ ఏమీ లేదు.

పూతలపట్టు_కుర్రోడు
30 రోజుల్లోనే వేసినాము. రాసివ్వబోతే "ఒకసారి రీకౌంటింగ్ అయిపోయింది కదా" అని కాగితమే తీసుకోలేదు అన్నా. పిటిషన్‌లో ఏముందో లాయరుకే తెలియాలి. ఇంగ్లీషులో ఉంది, మామ సంతకం పెట్టినాడు.

కోర్టు_గుమస్తా
అదే వచ్చిన చిక్కు. అందరూ సంతకం పెడతారు, ఎవరూ చదవరు.

రిటైర్డ్_డీటీ
నేను రెవెన్యూలో డిప్యూటీ తహసీల్దారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కౌంటింగ్ డ్యూటీలు చాలా చేశాను. కాబట్టి అవతలి పక్క నుంచి కూడా ఒక మాట.

బ్యాలెట్ మడిచినప్పుడు తడి ఇంకు ఎదురుగా ఉన్న ఇంకో గుర్తు మీద అంటుకుంటుంది. చూడగానే రెండు గుర్తుల మీద ముద్ర పడినట్టు కనిపిస్తుంది. నిదానంగా చూస్తే అసలు ముద్ర ముదురుగా, సూటిగా ఉంటుంది. అంటుకున్నది పలచగా, తిరగబడి ఉంటుంది. అలాంటి ఓటు చెల్లుతుంది. ట్రైనింగులో ఇది మొదటే చెబుతారు. కానీ రాత్రి పది దాటాక, పొద్దున పోలింగ్ చేసిన వాళ్లే సాయంత్రం లెక్కపెడుతుంటే, రెండు వర్గాలు నెత్తిమీద నిలబడి అరుస్తుంటే, ఆ నిదానం ఎవరికుంటుంది? పదిహేను ఇరవై ఓట్లు అటూ ఇటూ అయ్యేది అక్కడే. ప్రతిదానికీ కుట్ర అక్కర్లేదు, నిద్ర చాలు.

కాగితం తీసుకోకపోతే అక్కడే ఫోటో తీసి కలెక్టరేట్‌కి, ఎన్నికల పరిశీలకుడికి పంపి ఉండాల్సింది. టైముతో సహా రికార్డు ఉండేది.

పీలేరు_రఫీ
డీటీ సార్, నిద్ర ఎప్పుడూ గెలిచే పార్టీ వైపే తూగుతుంది ఎందుకో.

రిటైర్డ్_డీటీ
అది మీరు గెలిచిన పార్టీ వాళ్లను అడగాలి రఫీ గారూ.

బైరాగిపట్టెడ_బాలు
గుమస్తా అన్న చెప్పినంత భయమేం అక్కర్లేదు. హర్యానాలో పానిపట్ జిల్లా బువానా లాఖు అనే ఊరి సర్పంచి కేసు చూడండి. సుప్రీంకోర్టే ఈవీఎంలు ఢిల్లీకి తెప్పించి, రిజిస్ట్రార్ చేత లెక్కపెట్టించి, వీడియో తీయించింది. ఓడిపోయాడన్న మనిషికి 51 ఓట్ల మెజారిటీ వచ్చింది. 2025 ఆగస్టులో ఆయన్నే సర్పంచిగా ప్రకటించమన్నారు. కుర్రోడి మామ కేసు కూడా పల్లె సర్పంచి కేసే కదా.

కోర్టు_గుమస్తా
బాలూ, ఆ ఎన్నిక జరిగింది 2022 నవంబరులో. అక్కడ కూడా దాదాపు మూడేళ్లు పట్టింది. పైగా కింద ట్రిబ్యునల్ ముందే రీకౌంటింగ్‌కు ఆర్డరిచ్చింది, హైకోర్టు దాన్ని కొట్టేస్తే సుప్రీంకోర్టు దాకా పోయినారు. అంతా నేరుగా ఢిల్లీకి పోయి "లెక్కపెట్టండి సామీ" అంటే కుదిరే పని కాదు.

బైరాగిపట్టెడ_బాలు
చండీగఢ్ మేయర్ ఎన్నిక? 2024 జనవరి 30న ఓటింగ్, ఫిబ్రవరి 20కి సుప్రీంకోర్టు ఫలితమే తిప్పేసింది. మూడు వారాలు!

పాకాల_జంక్షన్
అక్కడ ప్రిసైడింగ్ అధికారి కెమెరా ముందే కూర్చుని ఎనిమిది బ్యాలెట్ల మీద గీతలు గీసినాడు కదప్పా. మనోళ్లు కరెంటు పోయాక గీస్తారు. అందుకే మనకు ఐదేళ్లు.

మామిడి_మండీ
😂😂

తిరుచానూరు_టీచరమ్మ
పంచాయతీ సంగతి పక్కన పెడితే, ఎమ్మెల్యే ఎంపీ ఎన్నికలకు ఎక్కడ వేయాలి? మా స్టాఫ్‌రూంలో రోజూ ఇదే చర్చ. ఒకాయన కలెక్టరుకు ఇస్తే చాలంటాడు, ఒకాయన ఎన్నికల సంఘం అంటాడు.

కోర్టు_గుమస్తా
రెండూ కాదమ్మా. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం నేరుగా హైకోర్టులోనే. మనకైతే అమరావతి. ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు పడాలి. ఒక్కరోజు దాటినా ఆలస్యం మాఫీ చేయరు. ఓడిన అభ్యర్థే కానక్కర్లేదు, ఆ నియోజకవర్గం ఓటరు ఎవరైనా వేయొచ్చు. ధరావతు 2,000 రూపాయలే. అది చూసి చవక అనుకోవద్దు, అసలు ఖర్చు వేరే ఉంటుంది.

1966 దాకా ఎన్నికల ట్రిబ్యునళ్లు ఉండేవి, చట్టం మార్చి హైకోర్టుకు ఇచ్చినారు. ఆర్నెల్లలో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలోనే రాసి ఉంది.

పీలేరు_రఫీ
"ప్రయత్నించాలి". ఆ ఒక్క మాట మీద ఎన్ని పదవీకాలాలు దాటిపోయినాయో.

తిరుచానూరు_టీచరమ్మ
మరి 2024లో కౌంటింగ్‌కు ముందే కోర్టుకు పోయారు కదా, పోస్టల్ బ్యాలెట్ గురించి? ఆ కేసు మాకు బాగా గుర్తు, మేమంతా పోస్టల్‌లో వేసినవాళ్లమే. డిక్లరేషన్ ఫారం 13ఎ మీద గెజిటెడ్ అధికారి సంతకం ఉండి, సీలు లేకపోతే మా ఓటు చెల్లుతుందా లేదా అని రెండు రోజులు టెన్షన్. సంతకం చాలు అని ఎన్నికల సంఘం చెప్పింది, వైఎస్సార్‌సీపీ వాళ్లు హైకోర్టుకు పోయారు.

కోర్టు_గుమస్తా
అవును. జూన్ 1న హైకోర్టు ఏమంది? ఇప్పుడు మేము జోక్యం చేసుకోము, అభ్యంతరం ఉంటే ఫలితం వచ్చాక ఎన్నికల పిటిషన్ వేసుకోండి అంది. జూన్ 3న సుప్రీంకోర్టు కూడా కాదంది. 4న కౌంటింగ్ జరిగిపోయింది. రాజ్యాంగంలో 329 అధికరణం అదే చెబుతుంది. ఎన్నిక ఒకసారి మొదలయ్యాక మధ్యలో కోర్టులు ఆపకూడదు, అంతా అయ్యాక పిటిషన్ రూపంలోనే రావాలి. 1952లో నామక్కల్ నామినేషన్ కేసు, పొన్నుస్వామిది, అప్పటి నుంచీ ఇదే మాట. పంచాయతీలకు 243-ఓ అధికరణం ఇదే చెబుతుంది.

మండల_ఆఫీసు_పక్కన
ఆపకూడదంటారు సరే. 2021 ఏప్రిల్ 8న ఎంపీటీసీ, జడ్పీటీసీ పోలింగ్ జరిగింది. పోలింగ్‌కు ముందు ఎన్నికల కోడ్‌కు నాలుగు వారాల గడువు ఇవ్వలేదని మే 21న సింగిల్ జడ్జి మొత్తం ఎన్నికే రద్దు చేశారు. సెప్టెంబరు 16న డివిజన్ బెంచ్ ఆ తీర్పు కొట్టేసింది. 19న లెక్కపెట్టారు. ఐదు నెలలు బ్యాలెట్ పెట్టెలు స్ట్రాంగ్‌రూముల్లోనే. మా దగ్గర పెట్టెలు తెరిస్తే కొన్ని కాగితాలకు చెద పట్టింది, ఎవరి ఓటో చెదపురుగునే అడగాలి.

పాకాల_జంక్షన్
చెదపురుగు ఏ వర్గం?

పీలేరు_రఫీ
నిష్పక్షపాతి. అన్ని గుర్తులూ తినింది.

వి_కోట_సరిహద్దు
టీచరమ్మ గారి పోస్టల్ కేసుకు తమిళనాడులో అన్న ఒకడున్నాడు. రాధాపురం, 2016 అసెంబ్లీ ఎన్నిక. అప్పావు 49 ఓట్లతో ఓడిపోయినాడు. 203 పోస్టల్ ఓట్లు పక్కన పడేసినారు, హెడ్మాస్టర్లు అటెస్ట్ చేసినారని. హెడ్మాస్టర్ సంతకం సరిపోతుందని 2019లో మద్రాసు హైకోర్టు రీకౌంటింగ్ పెట్టించింది. లెక్క అయితే జరిగింది, ఫలితం బయట పెట్టొద్దని సుప్రీంకోర్టు స్టే. 2021లో ఎన్నికలొచ్చి ఆ అప్పావే గెలిచి ఏకంగా స్పీకరు కుర్చీలో కూర్చున్నాడు. 2016లో ఎవరు గెలిచినారో తేలకముందే!

మాకు పక్కనే ఉన్న మాలూరులో కూడా అంతే. 2023లో 248 ఓట్ల తేడా, 2025 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు ఎన్నిక కొట్టేసి రీకౌంటింగ్ అంది. అక్టోబరులో సుప్రీంకోర్టు ఎన్నిక రద్దు మీద స్టే ఇచ్చి, లెక్కపెట్టి ఫలితం సీలు కవర్లో పెట్టమంది.

ఎస్వీయూ_సీనియర్
కుర్రోడు అడిగింది గెలిచి కుర్చీ ఎక్కినవాళ్లు ఉన్నారా అని కదా. ఉన్నారు, మన సీమలోనే. మడకశిర. 2014లో ఈరన్న గెలిచాడు. అఫిడవిట్‌లో కర్ణాటకలో ఉన్న క్రిమినల్ కేసు దాచాడని తిప్పేస్వామి కోర్టుకు పోయాడు. 2018 చివర్లో హైకోర్టు ఈరన్న ఎన్నిక చెల్లదని తిప్పేస్వామినే ఎమ్మెల్యేగా ప్రకటించింది. ప్రమాణం కూడా చేశాడు.

మామిడి_మండీ
2019 ఏప్రిల్‌లో మళ్లీ ఎన్నికలు. కుర్చీ వేడెక్కేలోపు కోడ్ వచ్చేసింది.

ఎస్వీయూ_సీనియర్
కనీసం ఎక్కాడు కదా. కొత్తగూడెం జలగం వెంకట్రావుకు అదీ లేదు. 2018 ఎన్నిక మీద 2023 జులైలో తీర్పు ఆయన వైపు వచ్చింది, వనమా వెంకటేశ్వరరావు అఫిడవిట్‌లో ఆస్తులు దాచాడని. ఆగస్టులో సుప్రీంకోర్టు స్టే. నవంబరులో పోలింగ్. గద్వాల కూడా అచ్చం అదే వరస, డీకే అరుణను ప్రకటించారు, సెప్టెంబరులో స్టే.

కుప్పం_రైలు
అఫిడవిట్ కేసులే గెలుస్తున్నాయి చూడండి. ఓట్ల లెక్క కేసులు గెలవడం అరుదు. ఎందుకంటే అఫిడవిట్ కాగితం, అబద్ధం కాగితం మీదే దొరుకుతుంది.

కోర్టు_గుమస్తా
బాగా పట్టినావు. కానీ అది కూడా ఇప్పుడు గట్టిగా చెప్పలేము. 2024 ఏప్రిల్‌లో అరుణాచల్ కేసులో, కరిఖో క్రి అనే ఎమ్మెల్యేది, మూడు వాహనాలు చూపించలేదని హైకోర్టు ఎన్నిక కొట్టేస్తే సుప్రీంకోర్టు తిరగదోడింది. ప్రతి చిన్న వస్తువూ అఫిడవిట్‌లో పెట్టాల్సిన పనిలేదు, ఓటరు నిర్ణయాన్ని మార్చేంత పెద్ద ఆస్తి అయితేనే అంది.

తిరుచానూరు_టీచరమ్మ
మూడు బండ్లు చిన్న వస్తువా! మా స్కూటీకి లోనిచ్చేటప్పుడు బ్యాంకువాళ్లు అడిగినన్ని కాగితాలు కూడా అక్కర్లేదన్నమాట ఎమ్మెల్యే కావడానికి.

కోర్టు_గుమస్తా
ఆ బండ్లు ముందే అమ్మేయడమో ఇచ్చేయడమో చేసినారమ్మా, పేరు మారలేదు అంతే. కేసు మొత్తం చదివితే అంత అన్యాయంగా అనిపించదు.

టౌన్_క్లబ్_చుట్టుపక్కల
మన తిరుపతినే తీసుకోండి. 2019లో అసెంబ్లీకి భూమన కరుణాకర్‌రెడ్డి సుగుణమ్మ మీద 708 ఓట్లతో గెలిచాడు. నగరిలో 2014లో రోజా మెజారిటీ 858. ఇంత తక్కువ తేడా ఉన్నచోట దానంతట అదే ఒకసారి తిరిగి లెక్కపెట్టాలని రూలు పెడితే సగం కేసులు ఉండవు కదా? కొన్ని దేశాల్లో ఉంది.

రిటైర్డ్_డీటీ
మన రూల్సులో తేడాను బట్టి ఆటోమేటిక్ రీకౌంట్ లేదు. ఫలితం ప్రకటించడానికి ముందు అభ్యర్థి రాసిచ్చి అడగాలి, రిటర్నింగ్ అధికారి కారణం రాసి ఒప్పుకోవాలి లేదా కాదనాలి. సర్టిఫికెట్ చేతికిచ్చాక ఆయన చేతిలో ఏమీ ఉండదు. అందుకే కౌంటింగ్ హాల్లో ఆ పది నిమిషాలే ప్రాణం. బయట ఐదేళ్లు తిరిగినా ఆ పది నిమిషాలు దొరకవు.

చంద్రగిరి_కోట_కింద
తేడా తక్కువున్నచోట సరే. తేడా ఎక్కువున్నచోట దొంగ ఓట్లు పడితే? 2021 తిరుపతి ఉప ఎన్నిక గుర్తుందా, బల్లి దుర్గాప్రసాద్ చనిపోయాక వచ్చింది. బయటి ఊళ్ల నుంచి బస్సుల్లో జనం వచ్చినారని టీవీల్లో రోజంతా అదే. గురుమూర్తి గెలిచింది 2,71,592 ఓట్లతో. కోర్టుకు పోతే "ఎన్ని దొంగ ఓట్లు పడినాయి, తీసేస్తే ఫలితం మారుతుందా" అంటారు. రెండు లక్షల డెబ్బై వేల దొంగ ఓట్లు ఎవరు నిరూపిస్తారు?

ఓటరు కార్డులు అక్రమంగా డౌన్‌లోడ్ చేసినారనే ఆరోపణ మీద అప్పటి ఎన్నికల నమోదు అధికారిని 2024 జనవరిలో సస్పెండ్ చేసినారు. పదవీకాలం మాత్రం ఎంచక్కా పూర్తయింది.

ఓటు_ఎవరికో_చెప్పను
గురుమూర్తి 2024లో మళ్లీ గెలిచినాడు. అదీ రాయి మరి. అన్నీ దొంగ ఓట్లే అయితే రెండోసారి ఎట్ల?

చంద్రగిరి_కోట_కింద
అన్నీ అని నేనెక్కడ అన్నాను? పైకెళ్లి చదువు. నేనడిగింది నిరూపణ భారం గురించి.

కోర్టు_గుమస్తా
కోట కింద చెప్పింది సగమే నిజం. "ఫలితం మారేదా" అనే ప్రశ్న కొన్ని కారణాలకే. నామినేషన్ తప్పుగా తీసుకున్నారు, ఓట్లు తప్పుగా లెక్కించారు, రూల్సు పాటించలేదు, వీటికి తేడా నిరూపించాలి. అదే అభ్యర్థి గానీ, ఆయన సమ్మతితో ఇంకొకరు గానీ అవినీతి పద్ధతికి పాల్పడినట్టు రుజువైతే మెజారిటీ లక్షైనా ఎన్నిక పోతుంది.

రాయ్‌బరేలీలో 1971లో రాజ్‌నారాయణ్ లక్షకు పైగా ఓట్లతోనే ఓడినాడు. అయినా 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు జడ్జి జగ్మోహన్‌లాల్ సిన్హా ఇందిరాగాంధీ ఎన్నిక కొట్టేసినాడు. కారణాలేంటో తెలుసా? ప్రభుత్వ ఉద్యోగిగా ఉన్న యశ్‌పాల్ కపూర్‌ను ఎన్నికల పనికి వాడుకోవడం, సభల వేదికలు యూపీ అధికారుల చేత కట్టించడం. ఈ రోజు లెక్కన అదొక తప్పేనా అనిపిస్తుంది. తర్వాత పార్లమెంటు చట్టం మార్చింది, నవంబరులో సుప్రీంకోర్టు ఆమె వైపు తీర్పిచ్చింది, అది వేరే కథ.

చిక్కేమిటంటే అవినీతి పద్ధతిని క్రిమినల్ కేసులాగా, అనుమానానికి తావు లేకుండా రుజువు చేయాలి. డబ్బు తీసుకున్నోడు కోర్టుకొచ్చి "అవును సార్, రెండు వేలు తీసుకున్నాను" అంటాడా?

గోవిందరాజస్వామి_వీధి
డబ్బు మాట వచ్చింది కాబట్టి. మా వీధిలో ఒకసారి ఒకాయన మనుషులు కవర్లు పంచుతూ, కవరుతో పాటు ఏడుకొండలవాడి ఫోటో ముందుకు పెట్టినారు. చెయ్యి పెట్టి ప్రమాణం చెయ్యాలి, "మీ గుర్తుకే వేస్తాను, లేకపోతే స్వామి చూసుకుంటాడు" అని. మా నాయనమ్మ చెయ్యి పెట్టలేదు, కవరు కూడా వద్దంది. పక్కింటామె పెట్టింది. తర్వాత ఎవరికి వేసిందో ఆ స్వామికే తెలియాలి. ఇది నేరం కాదా?

కోర్టు_గుమస్తా
చట్టంలో అచ్చంగా ఉంది. 123వ సెక్షన్. డబ్బిస్తే లంచం, అది ఒకటి. "ఓటు వేయకపోతే దైవకోపానికి గురవుతావు" అని నమ్మించడం అనుచిత ప్రభావం కింద వస్తుంది, అది ఇంకొకటి. ఆ కవరు, ఆ ఫోటో కలిపి ఒకేసారి రెండు తప్పులు.

పాకాల_జంక్షన్
సాక్షిగా ఎవర్ని పిలవాలి? సమన్లు తిరుమలకు పంపాలా?

పీలేరు_రఫీ
బ్రేక్ దర్శనం లెటర్ ఉంటేనే సర్వ్ అవుతుంది.

గోవిందరాజస్వామి_వీధి
నవ్వండి నవ్వండి. మా నాయనమ్మ వారం రోజులు బాధపడింది, చెయ్యి పెట్టనందుకు స్వామికి కోపం వచ్చిందేమోనని.

కుప్పం_రైలు
ఈవీఎంల సంగతి ఎవరూ ఎత్తలేదే. 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు చెప్పింది కదా, రెండు మూడు స్థానాల్లో వచ్చినవాళ్లు ఏడు రోజుల్లోపు అడిగితే ఐదు శాతం మిషన్లు తనిఖీ చేస్తారని. ఒంగోలులో ఓడిన బాలినేని శ్రీనివాసరెడ్డి 12 మిషన్లకు అడిగాడు. ఒక్కో సెట్టుకు 47,200 రూపాయలు, జీఎస్టీతో కలిపి. మొత్తం ఐదున్నర లక్షలు దాటింది. తీరా చూస్తే అధికారులు మాక్ పోల్, అంటే ఉత్తుత్తి ఓటింగ్ చేసి చూపిస్తామన్నారు, ఆయన అడిగింది పోలింగ్ రోజు పడిన ఓట్ల లెక్క. మిషన్ బాగానే పనిచేస్తోందని చూపిస్తే నా ఓట్లు సరిగ్గా పడినాయని ఎట్ల నమ్మాలి అనేది ఆయన గొడవ.

ఎస్వీయూ_సీనియర్
అసెంబ్లీ నియోజకవర్గానికి ఒకటి కాదు, ఓటు పడిన గుర్తును చీటీ మీద చూపే ఐదు వీవీప్యాట్‌లు లెక్కపెట్టాలనే 2019 ఏప్రిల్ సుప్రీంకోర్టు ఆర్డరు తెచ్చుకున్నది మన నారావారిపల్లె చంద్రబాబు, ఇంకా ప్రతిపక్ష నాయకులు కలిసి. సగం లెక్కపెట్టమని అడిగితే ఐదిచ్చారు. అప్పుడు ఈవీఎంల మీద అనుమానం ఆయనది, 2024 తర్వాత అనుమానం జగన్‌ది. ఓడిన వాళ్ల దగ్గరికి ఆ అనుమానం దానంతట అదే నడిచిపోతుంది.

ఓటు_ఎవరికో_చెప్పను
ఇది మాత్రం కరెక్ట్.

రిటైర్డ్_డీటీ
ఇంకోటి గుర్తు పెట్టుకోండి. కేసు ఏదీ పడకపోతే సీసీటీవీ, వీడియో రికార్డులు 45 రోజుల తర్వాత తీసేయొచ్చని ఎన్నికల సంఘం 2025 మేలో చెప్పింది. ఆలోచించి చూద్దాంలే అని కూర్చుంటే చూడటానికి ఏమీ మిగలదు. ఉన్నవైనా ఉంటాయని నమ్మకం లేదు. తెలంగాణ ధర్మపురిలో 2018 ఎన్నిక, 441 ఓట్ల తేడా, 2023లో హైకోర్టు స్ట్రాంగ్‌రూం తెరవమంటే తాళంచెవులు కనబడలేదు. డిపార్ట్‌మెంట్ మనిషిగా నాకే సిగ్గనిపించింది.

వి_కోట_సరిహద్దు
ఆ ధర్మపురి పిటిషన్ వేసిన అడ్లూరి లక్ష్మణ్‌కుమార్ 2023లో గెలిచి, ఇప్పుడు మంత్రి. చూస్తున్నారా వరస? రాధాపురం అప్పావు, ధర్మపురి లక్ష్మణ్, వేములవాడ ఆది శ్రీనివాస్. అక్కడి ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్ పౌరసత్వం మీద 2009 నుంచీ పోరాడినాడు ఈ ఆది శ్రీనివాస్. 2013లో హైకోర్టు రమేశ్ ఎన్నిక కొట్టేస్తే, ఆయన స్టే తెచ్చుకున్నాడు. ఆది శ్రీనివాస్ 2023లో ఓట్లతో గెలిచి ఎమ్మెల్యే అయ్యాక, 2024 డిసెంబరులో తీర్పొచ్చింది, అవతలాయన జర్మనీ పౌరుడేనని, 30 లక్షలు కట్టమని. కోర్టులో కేసు నడుపుతూనే ముగ్గురూ ఊళ్లో పని మానలేదు.

మామిడి_మండీ
అంటే కుర్రోడి మామ మళ్లీ నిలబడాలంటావు.

పూతలపట్టు_కుర్రోడు
నిలబడతానంటున్నాడు. అత్త ఒప్పుకోవడం లేదు, అది ఏ కోర్టులోనూ తేలే కేసు కాదు. గుమస్తా అన్నా, ఒక్కటి చెప్పు. ఈలోపు కొత్త ఎన్నికలొచ్చేస్తే పాత కేసు ఏమవుతుంది?

కోర్టు_గుమస్తా
రీకౌంటింగ్ ఒక్కటే అడిగి ఉంటే, పదవీకాలం అయిపోయింది కాబట్టి ఇక తేల్చడానికి ఏమీ లేదని మూసేసే అవకాశమే ఎక్కువ. ఎమ్మెల్యే ఎంపీ కేసుల్లో మాత్రం అవినీతి పద్ధతి ఆరోపణ ఉంటే గడువు ముగిసినా కేసు బతికే ఉంటుంది, ఎందుకంటే రుజువైతే ఆరేళ్ల దాకా అనర్హత పడొచ్చు. మీ పిటిషన్‌లో డబ్బు పంపకం గురించి ఏమైనా రాసినారా? ఉంటే వచ్చే వాయిదాకు మీ లాయరును ఆ పాయింటు మీద గట్టిగా అడగమను.

పూతలపట్టు_కుర్రోడు
మందు, చీరలు అని మామ చెప్పినట్టు గుర్తు. పిటిషన్‌లో ఎక్కిందో లేదో.

కోర్టు_గుమస్తా
ఫైలు నంబరు తీసుకుని సోమవారం కాపీయింగ్ సెక్షన్లో అప్లికేషన్ పెట్టు. మధ్యాహ్నం భోజనాల లోపే రా, తర్వాత ఆ కౌంటర్లో మనిషి దొరకడు. పిటిషన్, దానికి అవతలోళ్లిచ్చిన జవాబు అంటే కౌంటరు, సాక్షులు రాసిచ్చిన చీఫ్ అఫిడవిట్లు మూడూ అడుగు. తెలుగులో నేను చదివి చెబుతాను.

పాకాల_జంక్షన్
గుమస్తా అన్న ఫీజు ఎంతో ముందే అడుగు తమ్ముడూ.

కోర్టు_గుమస్తా
ఒక బుట్ట బంగినపల్లి. తోతాపురి అయితే వద్దు.